సైకిల్ మనది, తాళం ఎవరిది?

2023 జూలైలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక సైకిల్ షాపు తలుపులు మూసుకుంది. లోపల రిపేరుకిచ్చిన బళ్లు, బయట వాటి సొంతదారులు. సిబ్బంది భద్రత కోసమే మూశామని కంపెనీ సంజాయిషీ. కొత్త బండికి ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకు ఆ సంజాయిషీ కూడా సరిగా దక్కలేదు. అదే నెల 17, సోమవారం నాడు కోర్టు ఆ కంపెనీ దివాలా తీసినట్టు ప్రకటించింది. దాని పేరు వాన్‌మూఫ్. ఎక్కడో నెదర్లాండ్స్‌లో ఎలక్ట్రిక్ సైకిళ్ల కంపెనీ మునిగితే తెలుగు పత్రికలో సంపాదకీయం దేనికని పాఠకులు అడగొచ్చు. కంపెనీలు మునుగుతూనే ఉంటాయి. ఇది మాత్రం మునుగుతూ, కొన్నవాళ్ల తాళంచెవులు కూడా వెంట తీసుకుపోయేలా కనిపించింది. మా టెన్షన్ అదీ.

టాకో, టీస్ కార్లియర్ అనే అన్నదమ్ములు 2009లో పెట్టిన కంపెనీ ఇది. సైకిళ్లలో టెస్లా అని ప్రపంచ పత్రికలు మురిసిపోయాయి. 2021లో ఒక్క విడతలోనే 12.8 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. దాదాపు 1.9 లక్షల మంది కొన్నారు. 2020లో వచ్చిన మోడల్ ధర సుమారు 2 వేల యూరోలు. 2023 నాటి మన లెక్కలో రూ.1.8 లక్షలు, అంటే అప్పట్లో ఇక్కడ రెండు స్కూటర్లు!

బండి అందాన్ని కాదనలేం. పై గొట్టం గీత గీసినట్టు తిన్నగా సాగుతుంది. దాని ఈ కొసన ఒక దీపం, ఆ కొసన ఒక దీపం. బ్యాటరీ ఫ్రేము కడుపులో ఉంటుంది, బయటికి తీయడానికి లేదు. బండి ఆపి వెనక చక్రం దగ్గరున్న చిన్న బొడిపెను బూటుతో తంతే తాళం పడుతుంది. జేబులో ఫోనున్న యజమానిని గుర్తుపట్టి తెరుచుకుంటుంది. పరాయివాడు కదిపితే అరుస్తుంది, గొట్టం మీద చుక్కల లైట్లు పుర్రె బొమ్మ గీస్తాయి. ఈ కంపెనీవాళ్ల బుర్రకు ఇంకో సాక్ష్యం కూడా ఉంది. రవాణాలో సైకిళ్లు దెబ్బతింటున్నాయని అట్టపెట్టె మీద పెద్ద టీవీ బొమ్మ అచ్చేశారు. టీవీ అనుకున్న కొరియర్ వాళ్లు జాగ్రత్తగా దించారు, నష్టం బాగా తగ్గింది. ఇంత తెలివి ఉన్నవాళ్లకు రేపు మనం లేకపోతే ఈ బండి గతేమిటన్న ఆలోచన రాలేదంటే నమ్మలేం.

ఆ బండికి డిజిటల్ తాళంచెవి కంపెనీ సర్వర్ నుంచి ఫోనుకి రావాలి. ఫోను మార్చినా, యాప్‌లోంచి బయటికొచ్చినా, బండిని ఇంకొకరికి అమ్మినా మళ్లీ ఆ సర్వర్ గుమ్మం ఎక్కాల్సిందే. అప్పులే తీర్చలేని కంపెనీ సర్వర్ బిల్లు ఎన్నాళ్లు కడుతుందన్నదే అప్పటి భయం. చివరికి బ్రస్సెల్స్‌లోని పోటీ కంపెనీ కౌబాయ్ కదిలింది. దాని ఇంజనీర్లు హడావుడిగా ఒక యాప్ రాసి, సర్వర్ బతికుండగానే మీ తాళంచెవి దాచుకోండని జనానికి వదిలారు. మంచి పనే. కానీ సొంత ఇంటి తాళం తీసుకోవడానికి పక్కింటివాడి దయ మీద ఆధారపడాలా?

హ్యాండిల్ మీది బటన్ నొక్కుతూ కోడ్ కొట్టి తెరిచే దారి కూడా ఉందని, దొంగల బెడద ఉన్న ఊళ్లో ఎలక్ట్రానిక్ తాళం తప్పదని, కొత్త ప్రయోగాల్లో కొన్ని పోతాయని కంపెనీని వెనకేసుకొచ్చేవాళ్లు అన్నారు. నిజమే కావొచ్చు. అయితే తాళం తెరిచిన బండికి రేపు గేరు పోతే? అందులో మోటారు, గేర్లు మార్చే పరికరం, దీపం, కేబులు అన్నీ ఆ కంపెనీ తనకోసం తాను చేయించుకున్నవే. బయట దొరికేవి కావు. ఆ బండిని చాలా మామూలు షాపులు ముట్టుకునేవి కావు. బండి దొంగల పాలైతే ఆదుకునే మూడేళ్ల ప్యాకేజీకి ముందే కట్టినవాళ్లు ఎవరిని అడగాలి?

మాకు కోపం తెప్పించేది ఇది జరిగిన చోటు. 1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. పిల్లల్ని చంపడం ఆపండంటూ తల్లిదండ్రులు వీధికెక్కారు. ఆ తర్వాతే అక్కడి నగరాలు కార్లకు ముకుతాడు వేశాయి. ఆ పోరాటం గెలిచిపెట్టిన బండి ఏది? వాళ్లు అమ్మమ్మ సైకిల్ అని పిలుచుకునే నల్లటి, బరువైన, వెనక్కి తొక్కితే బ్రేకు పడే మొద్దు బండి. మంత్రి తొక్కుతాడు, పాలవాడు తొక్కుతాడు. దాన్ని విప్పడం బిగించడం ఏ వీధి మెకానిక్‌కైనా వచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లోంచి ఏటా వేల సైకిళ్లు దేవి తీస్తారు, అంత చవగ్గా చూస్తారు దాన్ని. 2023 జనవరిలో అక్కడి సెంట్రల్ రైల్వే స్టేషన్ ముందు నీళ్ల అడుగున 7 వేల సైకిళ్లు పట్టే స్టాండు తెరిచారు. సైకిల్ సంస్కృతి అని లోకం పొగిడేదంతా ఆ మొద్దు బండి సంపాదించిన ఆస్తి. దాని మీద కూర్చుని, స్టైల్ పేరుతో, గడువు తీరే సైకిల్ అమ్మారు.

పైగా నీతులు. 2020లో ఈ కంపెనీ ఒక టీవీ ప్రకటన చేసింది. మెరిసే నల్ల కారు మీద పొగగొట్టాలు, ట్రాఫిక్ జామ్‌లు కనపడతాయి. కారు కరిగిపోతుంది, అందులోంచి సైకిల్ వస్తుంది. కార్ల పరిశ్రమ పరువు తీస్తోందంటూ ఫ్రాన్స్‌లో దాన్ని టీవీలో రానివ్వలేదు. అప్పట్లో ఆ నిషేధం తప్పని చాలామంది అన్నారు, మేమూ అంటాం. కానీ కారు కంపెనీలను అంత వెక్కిరించినవాళ్లు కార్ల నుంచి నేర్చుకున్నది మాత్రం వాటి చెడ్డ అలవాటునే. బానెట్ మూసేయడం, విడిభాగాలు దాచడం, మా సర్వీస్ సెంటర్‌కే రా అనడం.

ఐరోపా పాలకులు తక్కువ తిన్నారా? 2023 మార్చి 22న యూరోపియన్ కమిషన్ తెచ్చిన రిపేరు హక్కు ముసాయిదాలో వాషింగ్ మెషీన్ ఉంది, ఫ్రిజ్ ఉంది, వాక్యూమ్ క్లీనర్ కూడా ఉంది. సైకిల్ లేదు. ఊరికో సైకిల్ దారి వేసి, ఫొటోలు దిగి, ప్రపంచానికి పాఠాలు చెప్పే ఖండానికి సైకిల్ రిపేరు గుర్తు రాలేదు! 2023 జూలై 10న ఆమోదించిన బ్యాటరీ నిబంధనల్లో, ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీని బయటి మెకానిక్ కూడా మార్చగలిగేలా ఉండాలని రాశారు. అది అమలయ్యేది 2027లో. కంపెనీ పోతే తాళంచెవి సంగతేమిటన్నది మాత్రం అక్కడా లేదు.

ఇది ఒరవడి అయిందంటే ఆమ్‌స్టర్‌డామ్‌తో ఆగదు. అప్పుడే ఆగలేదు కూడా. హైదరాబాద్‌లో, విజయవాడలో ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నవాళ్లను అడగండి. రాత్రికి రాత్రి అప్‌డేట్ వచ్చి పొద్దున బండి కదలకపోవడం, సెన్సర్ ఒకటి వారాల తరబడి దొరక్కపోవడం, టెక్నీషియన్ లాప్‌టాప్ తగిలిస్తే తప్ప తప్పేమిటో తెలియకపోవడం మనకూ కొత్త కాదు. వీధి మెకానిక్ చూసి చేతులెత్తేస్తున్నాడు. అతనికి పని రాక కాదు, బండి అతన్ని లోపలికి రానివ్వదు. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ వచ్చిన చోట వేలు పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ప్యాచ్ అంటించే మనిషికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. ఆ స్వేచ్ఛకు మనం పెద్దగా విలువ కట్టలేదు, అడక్కుండా దొరికింది కాబట్టి.

మన ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? ఎలక్ట్రిక్ వాహనాలను ప్రోత్సహించే ఫేమ్-2 పథకంలో టూవీలర్ల సబ్సిడీ పరిమితిని కేంద్రం 2023 జూన్ 1న బండి ధరలో 40 శాతం నుంచి 15 శాతానికి దించింది. చర్చంతా ధర ఎంత పెరుగుతుందన్న దాని చుట్టూనే తిరిగింది. తెలంగాణ 2020 విధానంలో మొదటి 2 లక్షల ఎలక్ట్రిక్ టూవీలర్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. కంపెనీ మూతపడితే ఆ బళ్ల సాఫ్ట్‌వేర్ ఎవరు చూడాలని ఎవరైనా అడిగారా? 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామాను, వాహనాలు అని నాలుగు గదులు పెట్టింది. పోర్టల్ ఉంది, చట్టం లేదు. రేపు ట్రాక్టర్ కూడా ఫోనులో ఓటీపీ వస్తేనే కదులుతానంటే, నాట్ల వేళ రైతు ఏ పోర్టల్‌కి పోవాలి?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరులో తెరిచారు. సంతోషమే. అలాంటివాటి కోసం దేశాలు తిరిగి అధ్యయనం చేసే పెద్దలు ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లినప్పుడు అందమైన వంతెనల ముందు ఫొటోలు దిగింది చాలు. అప్పుడు మూసిన ఆ షాపు ముందు కూడా ఓ పది నిమిషాలు నిలబడి రండి. తిరిగొచ్చాక సబ్సిడీ జీవోలో ఒక్క పేరా చేర్చండి: విడిభాగాలు పదేళ్లు దొరకాలి, కంపెనీ మూతపడిన రోజున తాళంచెవి, సాఫ్ట్‌వేర్ కొన్నవాడి చేతికి రావాలి, అందుకు వాటి నకలు ముందే ప్రభుత్వం దగ్గర ఉంచాలి. ఆ ఒక్క పేరా రాయడం చేతకాకపోతే జనం సొమ్మును సబ్సిడీల పేరుతో పంచడం ఆపేయండి.