బంతులు ఏరడం కూడా ఆటే

మా ఇంటి దగ్గరి గ్రౌండ్‌లో వేసవి క్రికెట్ క్యాంపు నడుస్తోంది. మొన్న నెట్ ప్రాక్టీస్ అయ్యాక కోచ్ పిల్లలందర్నీ బంతులు ఏరుకురమ్మన్నాడు. పదేళ్ల పిల్లాడొకడు పరుగెత్తబోతుంటే తండ్రి చెయ్యి పట్టుకుని ఆపేశాడు. ‘‘ఇంత ఫీజు కట్టింది బంతులు ఏరించడానికా సార్?’’ అన్నాడు. పిల్లాడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ప్యాడ్లు విప్పింది కూడా తండ్రే.

ఆటలు పిల్లలకు కష్టం విలువ నేర్పుతాయని అందరం అంటాం. మనం అడ్డుపడకపోతేనే నేర్పుతాయి.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీనే తీసుకోండి. తండ్రి సెక్యూరిటీ గార్డు. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 2002 నుంచి 13.38 సెకన్ల దగ్గరే ఆగిపోయి ఉండేది. 2020లో ఆమె 13.03లో పరుగు ముగించింది. డోప్ పరీక్ష జరగలేదని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనక నుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. అదీ పోయింది. మరుసటి నెల సైప్రస్‌లో 13.23. ముందు రెండింటికన్నా నెమ్మదే, కానీ పుస్తకాలకెక్కింది అదే. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్ అయింది.

పతకం ఫొటో పిల్లలకు ఎవరైనా చూపిస్తారు. నేనైతే ఆ ఏప్రిల్‌కీ మే నెలకీ మధ్య రోజుల గురించి చెబుతాను. కోచ్‌తో పోట్లాడొచ్చు గానీ గాలితో ఏ తండ్రి పోట్లాడగలడు? మళ్లీ పరుగెత్తాల్సింది ఆమే.

పోటీ ప్రపంచంలో గెలవడం నేర్పకపోతే పిల్లలు వెనకబడిపోతారని కొందరి భయం. గెలుపు ఎవరికి చేదు? కానీ ఎదుటివాడు ఆ రోజు ఎలా ఆడతాడన్నది మన పిల్లాడి చేతిలో లేదు. పొద్దున్నే లేవడం, అదే సర్వీస్ వందసార్లు కొట్టడం వాడి చేతిలో ఉంది. మెచ్చుకోవాల్సింది అక్కడ.

గెలుపొక్కటే చాలనుకుంటే ఎక్కడ తేలతామో పుట్టిన తేదీ సర్టిఫికెట్లు చెబుతాయి. జట్టులో చోటు కోసం వయసు తగ్గించి రాయిస్తున్నారనే, అండర్-16 కుర్రాళ్ల అసలు వయసు ఎముకల్ని బట్టి తేల్చడానికి వాళ్ల మణికట్టుకు క్రికెట్ బోర్డు ఎక్స్‌రే తీయించాల్సి వస్తోంది. పదహారేళ్లవాడికి ‘‘ఎవరడిగినా పద్నాలుగే అని చెప్పు’’ అని నేర్పిన ఇంట్లో ఇక కష్టం మాట ఎలా ఎత్తుతారు?

ఈ జబ్బు గ్రౌండ్‌లో పుట్టింది కాదు, చదువుల్లోంచి వచ్చింది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. సెంటర్లో ర్యాంకుల ఫ్లెక్సీ. నలభై మార్కుల నుంచి అరవైకి ఎదిగిన పిల్ల ఫొటో ఏ ఫ్లెక్సీ మీదైనా చూశారా? ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. మనం అపార్ట్‌మెంట్లలో నడిచే బడులకు ఫీజులు కడుతున్నాం. టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఉంటుంది, పరీక్షలు దగ్గర పడగానే లెక్కల సార్ వచ్చేస్తారు.

ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కుల లిస్టు తర్వాత చూద్దురుగాని, ముందు పీఈటీ సార్ ఎక్కడున్నారో అడగండి. చాలా బడుల్లో ఆ పోస్టే లేదని తెలుస్తుంది.