"ఏ గ్రూప్ అయినా ఒకటే" అనేది నిజం కాదు

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి మా భీమవరం వైపు ఫోన్లలో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "పిల్లల్ని ఎంపీసీలో వేసేయండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. పాలిటెక్నిక్ మార్కులు రానివాళ్లకి. మన డెల్టాలో చదువుకు తగ్గ పని లేదు. కష్టపడేవాడు ఎక్కడైనా బతుకుతాడు" అని. పిల్లల తల్లిదండ్రులే దీన్ని పంపుకుంటున్నారు కాబట్టి జవాబు చెప్పాలనిపించింది.

"తర్వాత చూసుకోవచ్చు" అన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం. బయాలజీ లేకపోతే నీట్ రాయలేరని అందరికీ తెలుసు. మన చేపలు, రొయ్యల చదువు బీఎఫ్ఎస్సీకీ మన రాష్ట్రంలో బైపీసీ కావాలని ఎంతమందికి తెలుసు? మా ఇంట్లో తెలియలేదు. మా తమ్ముడు నాన్నతో పాటు చెరువు గట్టు మీదే పెరిగాడు. తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలుతుంటే, ఆక్సిజన్ పడిపోయిందని అందరికన్నా ముందు ఏరేటర్ల దగ్గరికి పరిగెత్తేవాడు. వాణ్ణి అందరితో పాటు ఎంపీసీలో వేశాం. బీటెక్ అయ్యాక బీఎఫ్ఎస్సీ చేస్తానని వివరాలు తెచ్చుకున్నాడు. ఇంటర్‌లో బయాలజీ లేదని అక్కడే ఆగిపోయాడు. నాన్నను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ.

డెల్టాలో పని లేదా? దేశంలో చాలా రాష్ట్రాల్లో పండించిన స్వర్ణ వరి, ఎంటీయూ 7029, మన మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టింది. అంబాజీపేటలో కొబ్బరి మీద పరిశోధన సాగుతోంది. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. కడియం నర్సరీల సంగతి చెప్పక్కర్లేదు. రొయ్యల్లో అయితే హేచరీలో సీడ్‌కి, అంటే రొయ్య పిల్లలకి, వైరస్ పరీక్ష, చెరువు నీటి పరీక్ష, మేత తయారీ, రొయ్యలు పట్టాక ప్రాసెసింగ్, ఎగుమతి దాకా ప్రతిచోటా చదువుకున్నవాళ్లు కావాలి. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చి చెరువు మొత్తం పోయిన రైతును అడగండి, తెలిసినవాళ్ల విలువ చెబుతాడు.

పాలిటెక్నిక్ గురించి అన్నది శుద్ధ తప్పు. పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు.

కష్టపడాలన్నది ఒప్పుకుంటాను. మా తమ్ముడూ కష్టపడ్డాడు. కానీ ఇంటర్‌లో చదవని సబ్జెక్టును ఆ కష్టం తెచ్చిపెట్టలేదు. ఈ వారం ఎవరైనా ఫీజు కట్టబోతుంటే, ముందు ఆ పిల్లాడు ఏ కోర్సు అడుగుతున్నాడో విని, దానికి ఇంటర్‌లో ఏ సబ్జెక్టులు కావాలో చూసుకుని కట్టండి.