నిండు గీతలు దాచే నిజం

ఫోనులో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి. వీడియో మాత్రం కదలదు. వెంటనే వినిపించే మాట ఒకటే: టవర్లు పెంచాలి, పవర్ పెంచాలి. రోగం ఒకటైతే మందు మరొకటి వేయడమంటే ఇదే.

ఆ గీతలు ప్రధానంగా చూపేది సంకేతం ఎంత బలంగా అందుతోందన్నది మాత్రమే. 4జీ, 5జీల్లో పక్కపక్క సెల్‌లు, అంటే ఒక్కో టవరు సేవలందించే ప్రాంతాలు, సాధారణంగా ఒకే ఫ్రీక్వెన్సీని వాడుకుంటాయి. ఒకదాని సంకేతం మరొకదానికి రొద. వేగానికి హద్దు గీసేది బ్యాండ్‌విడ్త్ (వాడే ఫ్రీక్వెన్సీల వెడల్పు), సంకేతానికీ రొదకూ ఉన్న నిష్పత్తి అని సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లోనే తేల్చారు. టవర్లన్నీ పవర్ రెట్టింపు చేస్తే రొద కూడా రెట్టింపవుతుంది. ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు.

మరో పెద్ద చిక్కు ఛానల్ అంచనాలో ఉంది, అంటే టవరుకూ ఫోనుకూ మధ్య దారి సంకేతాన్ని ఎలా మారుస్తోందో లెక్కగట్టడంలో. సంకేతం గోడలకూ వాహనాలకూ తగిలి, ముక్కలై, కలగాపులగంగా చేరుతుంది. దాన్ని విప్పడానికి ముందే తెలిసిన పైలట్ సంకేతాలను డేటా మధ్య పంపి, దారిలో ఏం జరిగిందో లెక్కగడతారు. 3.5 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 8.6 సెంటీమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం అందులో సగం దాటడానికి ఒకటిన్నర మిల్లీసెకను చాలు. అప్పటికే పాత అంచనాకు కాలం చెల్లుతుంది. పైలట్లు పెంచుదామంటే డేటాకు చోటు తగ్గుతుంది.

పైలట్లు పరిమితం కనుక పక్క సెల్‌లోని ఫోన్లూ అవే వాడతాయి. అప్పుడు టవర్ వేసే అంచనాలో రెండు ఫోన్ల ఛానళ్లు కలిసిపోతాయి. అనేక యాంటెన్నాలతో మన కోసం గురిపెట్టిన సంకేత పుంజం పరాయి ఫోను మీదా పడుతుంది. మామూలు అంచనా పద్ధతులతో, యాంటెన్నాలు ఎన్ని పెంచినా ఈ కాలుష్యం పోదని వైర్‌లెస్ పరిశోధకుడు థామస్ మార్జెటా 2010లో చూపారు. దాన్ని దాటే మార్గాలను తర్వాతి పరిశోధకులు చూపింది మెరుగైన అంచనా, సంకేత ప్రాసెసింగ్‌లతో, అదనపు పవర్‌తో కాదు. నన్ను అమితంగా కదిలించేది ఈ విషయమే.

సంకేతమే అందని చోట టవరు కావాలి, కాదనను. కానీ కిక్కిరిసిన నగరాల సమస్య అది కాదు.

సంకేతానికీ రొదకూ ఉన్న నిష్పత్తిని ఫోను నిత్యం కొలుస్తూనే ఉంటుంది. దాన్ని వినియోగదారుకు దాచి బలాన్ని మాత్రమే ప్రదర్శించడం అన్యాయం. డబ్బు కట్టేవారికి కొలత తెలుసుకునే హక్కుంది. గీతల పక్కన ఆ ఒక్క సంఖ్య చూపడానికి కొత్త టవరు అక్కర్లేదు, కొత్త స్పెక్ట్రమూ అక్కర్లేదు.