లైట్లు వెయ్యకండి!

విశాఖ అభివృద్ధి గురించి ఇన్నాళ్లూ ఎవరెవరో మాట్లాడారు. ఇక నేనూ మాట్లాడదలచుకున్నాను. ఆ అర్హత నాకు ఈమధ్యే వచ్చింది: అంతరిక్షానికి వెళ్లొచ్చాను.

కంగారుపడకండి, శ్రీహరికోట మీదుగా కాదు. మా అమ్మాయీ అల్లుడూ ఫ్లోరిడాలో ఉంటారు. మొన్న వేసవిలో మా ఇద్దర్నీ డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లి, స్పేస్ మౌంటెన్ అనే తెల్లటి కొండలోకి పంపారు. బయటికి కొండ, లోపల చిమ్మచీకటి, ఆ చీకట్లో పట్టాల మీద రాకెట్లు. 1975 జనవరిలో దాన్ని ప్రారంభించినప్పుడు స్కాట్ కార్పెంటర్, గోర్డన్ కూపర్, జిమ్ ఇర్విన్ వచ్చారట. ముగ్గురూ అసలు సిసలు వ్యోమగాములు. ఇర్విన్ అయితే అప్పటికే చంద్రుడి మీద నడిచొచ్చిన మనిషి. ఆయనకి లేని నామోషీ విశాఖ ఎంవీపీ కాలనీ వాడికెందుకని నేనూ ఎక్కాను.

ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. ముందు అల్లుడు, మధ్యలో నేను, నా వెనక మా ఆవిడ. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. జేబు మీద ఒక చెయ్యి, ఒళ్లోకి దిగిన కడ్డీ మీద ఇంకో చెయ్యి. చైను టకటకమంటూ పైదాకా లాగి వదిలేసింది. ఆ తర్వాత జరిగింది వర్ణించలేను, ఎందుకంటే నక్షత్రాల్లాంటి చుక్కలు తప్ప ఏమీ కనపడలేదు. పొద్దున తిన్న పెసరట్టు గొంతుదాకా వచ్చి, బయట పరిస్థితి చూసి వెనక్కెళ్లిపోయింది. "సింహాద్రి అప్పన్నా!" అని ఎవరో గావుకేకలు పెడుతున్నారు. ఎక్కడో విన్న గొంతే. మధ్యలో ఒకసారి కళ్ల ముందు తెల్లటి వెలుగు తళుక్కుమంది. తోకచుక్క కాబోలనుకుని దణ్ణం పెట్టుకున్నాను. రెండున్నర నిమిషాల్లో భూమ్మీదకి తెచ్చి దింపేశారు.

కాళ్లు నిలదొక్కుకున్నాక అల్లుణ్ణి అడిగాను.

"ఎంత స్పీడు బాబూ? నూటయాభై దాటిందా?"

"45 మావయ్యగారూ."

"మైళ్లా?"

"కిలోమీటర్లేనండీ."

భీమిలి వెళ్లే 900కె బస్సు ఖాళీ రోడ్డు దొరికితే అంతకంటే జోరుగా పోతుంది. అందులో నేను కూరల సంచీ పట్టుకుని నిలబడి, ఆవలిస్తూ ప్రయాణం చేస్తాను. అలాంటివాణ్ణి 45 కిలోమీటర్ల వేగానికి కులదైవాన్ని అమెరికా పిలిపించాను! ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే కిటుకు దొరికింది. చీకటి. వచ్చే మలుపు ఎటో తెలియదు కాబట్టి మెడ దానికి సిద్ధంగా ఉండదు. నక్షత్రాలు వెనక్కి పరిగెడుతుంటే మనమే దూసుకుపోతున్నామనిపిస్తుంది. అదే లోపల లైట్లు వేసి చూస్తే ఇనుప స్తంభాలు, ఇనుప పట్టాలు, ఇనుప మెట్లు. పెద్ద గోడౌను. అంతరిక్షం మచ్చుకైనా ఉండదు.

నిజానికి ఈ విద్య మనకి కొత్త కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన రేవు నుంచి జపానుకి పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండోల్ లైను వేశారు. అరకు వెళ్లేవాళ్లకి ఆ దారిలో సొరంగాల మీద సొరంగాలు తగులుతాయి. రైలు సొరంగంలో దూరిందో లేదో, పెట్టెలో పసిపిల్లల దగ్గర్నుంచి పెన్షనర్ల దాకా ఒకటే అరుపులు. రైలు మాత్రం ఘాట్ ఎక్కలేక ఎక్కలేక ఎక్కుతుంటుంది. వెలుగులోకి రాగానే అందరూ ఏమీ ఎరగనట్టు వేరుశనక్కాయలు ఒలుచుకుంటారు.

కాబట్టి నగర ప్రజలకి నా మనవి ఒక్కటే. అభివృద్ధి మీద దయచేసి లైట్లు వెయ్యకండి.

మన రైల్వే జోన్‌నే తీసుకోండి. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ప్రకటనకీ పునాదిరాయికీ మధ్య ఆరేళ్లు పట్టిందని కొందరు వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు. స్పేస్ మౌంటెన్‌లో టార్చిలైటు వేసేది ఇలాంటివాళ్లే. ఆ ఆరేళ్లూ మీ చెవుల్లో గాలి హోరుమనలేదా? ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ కడుపులో ఏదో జారినట్టు అనిపించలేదా? మరి వేగం లేదని ఏ మొహం పెట్టుకుని అంటారు?

మెట్రో సంగతీ అంతే. విశాఖలో మెట్రో సాధ్యమో కాదో ఏడాదిలోగా పరిశీలించాలని 2014 విభజన చట్టంలోనే రాసిపెట్టారు. అప్పట్నుంచీ నేను మానసికంగా ఆ మెట్రోలోనే తిరుగుతున్నాను. నిన్న కూడా మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆటోలో కళ్లు మూసుకుంటే ఎంత హాయిగా పోయిందనీ! కళ్లు తెరిస్తే అదే సిగ్నల్. తప్పెవరిది? కళ్లు తెరిచిన నాదే కదా.

బీచ్‌లో నాతోపాటు వాకింగ్ చేసే ఒక పెద్దమనిషి మాత్రం వైజాగ్‌లోనూ స్పేస్ మౌంటెన్ లాంటి కొండ కట్టి తీరాలంటున్నాడు. ఆయన వాదనలోనూ పస లేకపోలేదు. నీళ్ల కింద తిరగాల్సిన కురుసుర జలాంతర్గామిని 2002లో ఇసుక మీద పెట్టాం. ఆకాశంలో ఎగరాల్సిన టీయూ-142 విమానాన్ని 2017లో దానికెదురుగా నేల మీద పెట్టాం. ఆ వరసలో ఇక బాకీ ఉన్నది అంతరిక్షమే. క్యూ గురించి బెంగే లేదు. ఏడాది పొడుగునా చందనంలో ఉండే అప్పన్న నిజరూపాన్ని ఒక్క రోజు, అదీ ఒక్క క్షణం చూడ్డానికి గంటలకొద్దీ నిలబడగలిగిన జాతి మనది. రెండున్నర నిమిషాలు ఇస్తామంటే అర్ధరాత్రి నుంచే చాపలు పరుచుకుంటాం. కానీ ఎంత ఆలోచించినా కైలాసగిరి ఉండగా ఇంకో కొండెందుకో నాకు అర్థం కావడంలేదు. ఉన్న కొండకే రాత్రిపూట కరెంటు తీసేస్తే చాలదూ? ఖర్చు లేదు, టెండర్లు లేవు.

ఈ సిద్ధాంతానికి తిరుగులేని రుజువొకటి ఉంది. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది గానీ, ప్రజాహితం దృష్ట్యా తప్పదు. నేను దణ్ణం పెట్టుకున్న తోకచుక్క తోకచుక్క కాదు, కెమెరా ఫ్లాష్. ఫోటో కొనొద్దని మరీ మరీ చెప్పాను. అల్లుడు కొన్నాడు. కొని ఊరుకోకుండా, మా వియ్యాలవారితో సహా 63 మంది ఉన్న ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు.

అందులో అల్లుడు నవ్వుతున్నాడు. నా నోట్లో అంగుడు దాకా కనిపిస్తోంది. నా వెనక మా ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని, ప్రశాంతంగా, సత్యనారాయణ వ్రతం పీటల మీద కూర్చున్నట్టుంది.

"అదేటే, చీకట్లో కూడా కళ్లు మూసుకున్నావా?" అన్నాను.

"చీకటని నాకెలా తెలుస్తాదండీ, ఎక్కకముందే మూసేసుకుంటే?" అంది.