ఉప్పుటేటి సూక్ష్మజీవులకు పని చెప్పండి

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో పాటు చెన్నై ఉత్తరాన ఉన్న మనలి పారిశ్రామికవాడ నుంచి కొట్టుకొచ్చిన చమురు బకింగ్‌హామ్ కాలువ మీదుగా ఎన్నూరు ఉప్పుటేటిలో కలిసింది. పడవల అంచులకు, వలలకు, మడ చెట్ల ఊపిరి వేళ్లకు నల్లజిడ్డు పట్టేసింది. జాలర్లే దిగి మగ్గులతో, బకెట్లతో తోడారు. 2017 జనవరిలో ఎన్నూరు రేవు దగ్గర రెండు నౌకలు ఢీకొన్నప్పుడూ బకెట్లే దిక్కయ్యాయి. దాదాపు ఏడేళ్లలో నేర్చుకున్నది ఇదేనా?

చమురును తినే బ్యాక్టీరియా సంగతి శాస్త్రానికి కొత్త కాదు. ఆల్కానివోరాక్స్ అనే సముద్రజీవికి చమురే ప్రధాన ఆహారం. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికాక అలాస్కా తీరంలో నత్రజని, భాస్వరం ఉన్న ఎరువులు చల్లితే, అక్కడి సూక్ష్మజీవులే చమురును మరింత త్వరగా తిన్నాయి.

అయితే ఎన్నూరు అలాస్కా కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, ఇక్కడి ఉప్పు మళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. దానికి తోడు థర్మల్ కేంద్రాల బూడిద. మామూలు బ్యాక్టీరియాను అంత ఉప్పులో వేస్తే ఆ ఉప్పే కణంలోని నీటిని బయటికి లాగేసి చంపుతుంది. ఉప్పుకు అలవాటు పడ్డ జీవులు, నీటిని పట్టి ఉంచే ఎక్టోయిన్ లాంటి పదార్థాలను లోపల నింపుకుని తట్టుకుంటాయి. నీరు ఎంత ఉప్పగా ఉంటే అందులో ఆక్సిజన్ అంత తక్కువ. మడ అడవిలో బురదను బెత్తెడు లోతు తవ్వితే ఆక్సిజన్ దాదాపు ఉండదు, చమురు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఎక్కడో పనిచేసిన బ్యాక్టీరియా పొడిని తెచ్చి ఇక్కడ చల్లితే సరిపోదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఎన్నూరు, పులికాట్ బురదలోనే ఈ ఉప్పుకు ఓర్చుకున్న సూక్ష్మజీవులను వేరుచేసి, పెంచి, సిద్ధంగా ఉంచాలన్నది మా మాట. పళ్లికరణైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉంది, గిండీలో ఐఐటీ ఉంది. ఆంధ్ర ప్రభుత్వమూ చేయి కలపాలి. ఈ కాలువ, ఈ నీళ్లు పులికాట్ దాకా, అంటే తడ వైపు మనవాళ్ల వలల దాకా వెళ్తాయి.

బ్యాక్టీరియా మంత్రం కాదు. ముందు తేలే చమురును అడ్డుకట్టలతో ఆపి, యంత్రాలతో తోడెయ్యాల్సిందే. మిగిలినదాన్ని తినడానికి వాటికి వారాలు, నెలలు పడుతుంది. తారులాంటి బరువైన భాగం చాలావరకు మిగిలిపోతుంది. బూడిదలోని లోహాల జోలికైతే అవి పోవు.

మా టెన్షన్ వేరే ఉంది. నాలుగు డ్రమ్ములు చల్లి, ఫొటో దిగి, ఫైలు మూసేస్తారేమోనని. ఖర్చు కాలుష్యం చేసినవారే భరించాలి. చల్లడానికి ముందూ, ఆ తర్వాతా పైపొరతో పాటు బెత్తెడు లోతు బురదలోనూ చమురు ఎంతుందో పరీక్షించి, ఆ అంకెలను తమిళంలోనూ తెలుగులోనూ జాలరి పల్లెల్లో అంటించాలి. అవి తగ్గేదాకా జాలర్లకు పరిహారం ఆపకూడదు.