కప్పను చదివితేనే ఆవుకు డాక్టరా?

నీట్ కౌన్సెలింగ్ చివరి విడత ముగిసిందంటే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగిళ్లలో ఏటా ఒకటే తంతు. ఎంబీబీఎస్ చేజారిన ఇంటికి బంధువులు పరామర్శకు వస్తారు. పశువైద్య సీటు చేజారిన ఇంటికి ఎవరూ రారు. వచ్చినా ‘పశువుల డాక్టరు సీటే కదా, పోతే పోయింది’ అని తేలికచేసేవారు కొందరు, ‘అది కూడా రాలేదా’ అని బుగ్గలు నొక్కుకునేవారు మరికొందరు. చిన్నప్పటి నుంచి ఆ ఒక్క చదువే కావాలనుకున్న అమ్మాయికి ఏడ్చే హక్కు కూడా లేకుండా చేస్తున్నాం.

ఆ అమ్మాయి ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. తాను ఓడిపోయిన పరీక్ష పశువైద్యానికి పెట్టిన పరీక్షే కాదు. దేశంలోని పశువైద్య సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాను భారత పశువైద్య మండలి నీట్ ర్యాంకుతోనే నింపుతుంది. ఆ నీట్‌ను 2025లో 22 లక్షల మందికి పైగా రాశారు. 180 ప్రశ్నలు, 720 మార్కులు. సగం జీవశాస్త్రం, మిగతా సగం భౌతిక, రసాయన శాస్త్రాలు. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రంలో ఒకప్పుడు పశుపోషణ మీద పాఠం ఉండేది. పాడి, కోళ్లు, సంకరజాతులు, ఒకే రక్తంలో పశువులను దాటిస్తే కలిగే నష్టం, కృత్రిమ గర్భధారణ అన్నీ అందులోనే. సిలబస్ కుదింపులో ఆ అధ్యాయాన్నే ఎత్తేశారు. 2024 నుంచి నీట్ సిలబస్‌లోనూ అది లేదు. కప్ప కడుపులో ఏముందో మాత్రం తప్పక చదవాలి. ఆవు కడుపు గురించి అడగకుండానే ఆవుకు డాక్టరును ఎంపిక చేసే ఘనత మనదే.

ఫలితం ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఎంబీబీఎస్‌కు కాస్తలో తప్పినవారు కిందికి దిగి ఈ సీట్లలో సర్దుకుంటారు. కొందరు తర్వాత ఈ వృత్తిని ప్రేమిస్తారు, కాదనను. ఇంకొందరు చేరిన రోజు నుంచే మళ్లీ నీట్ పుస్తకాలు తిరగేస్తూ, ర్యాంకు రాగానే పెట్టె సర్దుకుంటారు. వాళ్లు వదిలిన చోటు ఖాళీగా ఉండిపోతుంది, ఆ చోటు కోసం కలలు కన్న పిల్ల ఇంట్లో కూర్చుంటుంది.

ఆ పిల్లకు ఏం వచ్చో చూడండి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో గొల్లలు మందలు తిప్పే మేకలను గంజాం జాతిగా ప్రభుత్వం నమోదు చేసింది. అలాంటి ఒక ఇంటి అమ్మాయి సాయంత్రం మంద దొడ్డికి చేరగానే చేసే పని నేను చూశాను. మేకను దవడ కింద పట్టుకుని, బొటనవేలితో కింది రెప్పను లాగి లోపలి పొర రంగు చూస్తుంది. ఎర్రగా ఉంటే వదిలేస్తుంది. పాలిపోయి ఉంటే దవడ కింద నీరు దిగిందేమో తడిమి, దాన్ని వేరే గుంజకు కట్టేస్తుంది. కడుపులో పురుగు రక్తం పీలుస్తోందని ఆమెకు లెక్క. సరిగ్గా ఈ పనికే దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు రంగుల కార్డు తయారుచేసి ఫమాచా అని పేరు పెట్టారు. కార్డు లేకుండానే ఆ పని చేయగల పిల్ల నీట్ భౌతికశాస్త్రంలో వాలుతలం మీద జారే దిమ్మె లెక్క దగ్గర ఆగిపోయింది. అమెరికా, బ్రిటన్ పశువైద్య కళాశాలలు దరఖాస్తులోనే జంతువులతో పనిచేసిన అనుభవం అడుగుతాయి. మనం అడగము. అడిగితే మందల వెంట తిరిగిన పిల్లలు ముందు వరుసలో నిలబడతారు.

ఉమ్మడి పరీక్ష లేకపోతే సిఫారసులు, డొనేషన్లు రాజ్యమేలతాయని అంటారు. ఆ భయం నిజమే. అందుకే పరీక్షను తీసేయమనడం లేదు, గడపగా ఉంచి, గడప దాటినవారిలో అనుభవానికి మార్కులు వేయమంటున్నాను. మళ్లీ రాసి సీటు తెచ్చుకున్నవారు లేరా అనీ అంటారు. ఉన్నారు. నాలుగైదు మార్కుల్లో పోయినవారు ఒకసారి మళ్లీ రాయాలి కూడా.

నా అభ్యంతరమంతా మూడోసారి, నాలుగోసారి గురించే. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు, ఎన్నిసార్లయినా రాయవచ్చు. చాలించమని చెప్పేవారు లేరు. విశాఖ, విజయవాడ లాంగ్ టర్మ్ కోచింగ్ హాస్టళ్లు చెప్పవు, వాటి బతుకే దాని మీద. చెప్పవలసింది ఇంటివాళ్లే. ఫలితం వచ్చిన కొత్తలో పిల్లను కదపకండి, పక్కింటి ర్యాంకు ఊసెత్తకండి, మేకల దగ్గరకు పోతానంటే పోనివ్వండి. తిండి, నిద్ర మానేసి బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా 14416కు ఫోను చేయండి. కేంద్రం నడిపే టెలీమానస్ అది, ఉచితం.

తర్వాత దారుల సంగతి. బరంపురం పక్కనే రంగైలుండలో మత్స్య కళాశాల ఉంది. ప్లస్ టూ సైన్సుతో రాయగలిగే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఉంది. ఈ ఉద్యోగాన్ని మనవాళ్లు లెక్కచేయరు గానీ, ఊరి పశువుకు మొదట అందే చేయి లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్‌లోని ఆ ఇన్‌స్పెక్టరుదే. ద్రవ నైట్రోజన్ డబ్బాలోంచి వీర్యం గొట్టం తీసి, 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ఉంచి, తుడిచి, కృత్రిమ గర్భధారణ గన్నులో ఎక్కించే నేర్పు అతనికి ఉంటేనే ఆవు చూలు నిలుస్తుంది. 1984 నాటి పశువైద్య మండలి చట్టం కూడా పట్టభద్రుడి పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేసేవారిని గుర్తించింది. ఆ కొలువులో ఐదేళ్లు పశువుల మధ్య గడిపినవారికి పశువైద్య డిగ్రీలో కొన్ని సీట్లు కేటాయిస్తే ఒడిశాకు పోయేదేముంది?

ఇక్కడే మా సరిహద్దు గోడు కూడా చెప్పాలి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేశారు. పట్టణం ఒడిశాకు పోయింది, కూతవేటు దూరంలోని పాతపట్నం ఆంధ్ర వైపు మిగిలింది. మహేంద్రతనయ నది నీళ్లు తాగే పశువులు రెండు వైపులా ఉన్నాయి. చదువుకు మాత్రం గీత గట్టిది. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, పర్లాకిమిడికి భువనేశ్వర్ కళాశాల కన్నా ఎంతో దగ్గర. కానీ 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత రావాలంటే మామూలుగా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. పాతపట్నం పిల్లకు ఉన్న తలుపు పర్లాకిమిడి పిల్లకు గోడ. రోగాలకు ఈ పట్టింపు లేదు. దేశంలో లంపీ స్కిన్ వ్యాధి మొదట బయటపడింది 2019లో ఒడిశాలోనే, మూడేళ్లు తిరిగేసరికి పడమటి రాష్ట్రాల్లో పశువులు కుప్పలుగా కూలాయి. కోరాపుట్‌లో చచ్చిన పశువును కోసినవారికి ఆంత్రాక్స్ సోకడం పదేపదే వింటున్నాం, ఆ కొండలకు అవతలి వాలు అల్లూరి జిల్లా. రెండు భాషలూ తెలిసి, రెండు సంతల్లోనూ బేరమాడగల పశువైద్యులు కావాలంటే వాళ్లు ఈ జిల్లాల్లోనే దొరుకుతారు. గరివిడిలో గజపతి, రాయగడ పిల్లలకూ, భువనేశ్వర్‌లో శ్రీకాకుళం, మన్యం పిల్లలకూ తలా కొన్ని సీట్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ముఖ్యమంత్రులిద్దరూ ఒకసారి కూర్చుంటే చాలు.

వాళ్లు కూర్చునేదాకా మన పిల్లల పని మనం చూసుకోవాలి. ఒడిశా ప్రభుత్వ కొలువులకు ఏడో తరగతి స్థాయి ఒడియా ఉత్తీర్ణత తప్పనిసరి. ఇంట్లో, బళ్లో తెలుగుతోనే గడిపిన పిల్లలు చాలామంది ఇన్‌స్పెక్టర్ దరఖాస్తు నింపేటప్పుడు గానీ ఈ సంగతి గమనించరు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్‌కు ఫీజు కట్టే ముందు ఆ సర్టిఫికెట్టు ఉందో లేదో బీరువా తెరిచి చూడండి.