విడగొట్టిన ఇరానీ చాయ్

హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లు మూతపడుతున్నాయని బెంగపెట్టుకున్నవారికి శుభవార్త. ఆ సంస్కృతిని కాపాడే బరువు అద్దాల కేఫ్‌లు నెత్తికెత్తుకున్నాయి. హోటల్ పోయిన మూలమీదే కేఫ్ వెలుస్తుంది. మెనూ మూడో పేజీలో 'డీకన్‌స్ట్రక్టెడ్ ఇరానీ చాయ్, 240' అని ఉంటుంది. విడగొట్టినందుకు డబ్బులన్నమాట. కలిపిస్తే 20కే దొరికేది.

చెక్క పళ్లెంలో వస్తుంది. గాజు గొట్టంలో డికాషన్, బొటనవేలంత జాడీలో పాలు, నల్లపలక మీద ఒకే ఒక్క ఉస్మానియా బిస్కెట్, దాన్ని పట్టుకోవడానికి పట్టకారు. ఏప్రాన్ కట్టిన కుర్రాడు "ముందు అరోమా ఫీలవ్వండి సర్" అంటాడు. సార్ ఫీలవుతారు. "ఇప్పుడు పాలు, నెమ్మదిగా." సార్ పోస్తారు. మేడమ్ ఫోన్లో ఆవిరి పడలేదు, ఇంకో జాడీ తెప్పిస్తారు. ఈసారి ఆవిరి పడింది గానీ సార్ కళ్లు మూసుకున్నారు. మూడో జాడీకి ఫొటో కుదురుతుంది, చాయ్ చల్లారుతుంది. పట్టకారుతో ముంచిన బిస్కెట్ మూడు లెక్కపెట్టేలోగా అడుగంటుతుంది. దాన్ని తీయడానికి ఆ పళ్లెంలో చెంచా లేదు.

పరిరక్షకుల సౌకర్యార్థం అసలు పని కూడా చెప్పుకుందాం. ఇంటి కొలతల్లో అయితే అర లీటరు నీళ్లకి మూడు చెంచాల డస్ట్ టీ, నాలుగు చెంచాల చక్కెర. మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తి, సన్న సెగ మీద అరగంట దమ్. సెగ పెంచితే వగరెక్కుతుంది. పాలు వేరే గిన్నెలో మరుగుతాయి. అర లీటరు ముప్పావు వంతుకి దిగి, రంగు కాస్త మీగడ వైపు తిరిగేదాకా గరిటె ఆపకూడదు, ఆపితే అడుగంటి మాడు వాసన. ఆకును పాలల్లోనే మరిగిస్తే దాని పొగరు పాలు తినేస్తాయి, అది మామూలు టీ. కప్పులో ముందు డికాషన్, పైన పాలు. కాఫీ మిషన్ ఆవిరితో పాలు పొంగించి నురగ తేవచ్చు, చిక్కదనం రాదు. అందుకే ఆ 240 చాయ్ నీళ్లలా ఉంటుంది.

గోడ మీద మాత్రం 'పర్షియా ప్రాచీన రెసిపీ' అని రాసుంటుంది. ఇరాన్‌లో చాయ్‌లో పాలు పోయరు మహాప్రభో. చక్కెర పలుకు పంట పట్టి నల్ల చాయ్ తాగుతారు. బొంబాయి మీదుగా ఇక్కడికొచ్చి, ఈ ఊరి నాలుకకి తగ్గట్టు ఇరానీలు మార్చుకున్నదే ఈ చాయ్. అంటే ఇది పర్షియాది కాదు, వలసది. ఆ ముక్క గోడ మీద రాస్తే రేటు పలకదు కాబోలు.

హోటళ్లు ఎందుకు పోయాయో పెద్ద రహస్యమేం కాదు. ఒక వన్ బై టూ చెప్పి ఇద్దరు రెండు గంటలు కూర్చుంటే మూలమీది స్థలానికి అద్దె రాదు. రోడ్డు వెడల్పులో కొన్ని ముందుభాగాలు పోయాయి, పిల్లలు వేరే పనులకు వెళ్లారు. సరే, పోయాయి. కానీ పాలరాతి బల్లలు కొనుక్కొచ్చి, వంపు కుర్చీలు వేసి, గల్లాపెట్టె వెనక ఎవరిదో తాతగారి ఫొటో తగిలించి, గుమ్మంలో సెక్యూరిటీని పెట్టారే, దాన్నేమనాలి? ఆ బల్ల దగ్గర వకీలు పక్కన ఆటో డ్రైవర్ కూర్చునేవాడు. సాసర్లో పోసుకుని జుర్రితే ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు. ఇవాళ అదే ఆటో గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆగితే "తీయ్, తీయ్" అని విజిల్. తెల్లవారుజామున లేచి డేగ్చా ముందు నిలబడ్డ చాయ్ మాస్టర్ ఫొటో ఏ గోడ మీదుంది? అతని పేరు అడిగారా ఒక్కరైనా? బల్ల కావాలి, కుర్చీ కావాలి, దాని మీద కూర్చున్న మనిషి మాత్రం అక్కర్లేదు. సిగ్గుండాలి.

బిల్లు చూద్దాం. 240, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆపైన 5 శాతం పన్ను, వెరసి 277 రూపాయల 20 పైసలు. 20 లెక్కన 13 చాయ్‌లు, మిగిలిన 17 రూపాయలకి బిస్కెట్లు. 20 పైసలు ఇరానీ హోటల్లో చాయ్ అందించే చోటూకి ఇస్తే తీసుకోడు, ఆ బిళ్ల ఇప్పుడు చెల్లదు.